అడిగితే తెలిసేది, చేస్తే గానీ తెలియనిది

కోడ్ రాశారు. రన్ చేశారు. పనిచేసింది. అయినా మనసు ఊరుకోదు. "ఎక్కడైనా తేడా కొడితే?" అనిపిస్తుంది. వెంటనే ఫంక్షన్ మొత్తాన్ని ఎత్తి ఒక ట్రైలో పెట్టేస్తారు. కింద ఒక క్యాచ్ తగిలించి, అందులో కన్సోల్ లాగ్ ఒకటి రాసి, హమ్మయ్య అనుకుంటారు. అవునా?

ఇంకొందరిది దీనికి పూర్తిగా ఎదురు దారి. ట్రై మాటే ఎత్తరు. ఒక ఇఫ్, దాని కడుపులో ఇంకో ఇఫ్, అందులో మరొకటి... కోడ్ కుడివైపుకి జరుగుతూ జరుగుతూ స్క్రీన్ అంచు దాకా పోతుంది. మర్నాడు తెరిచి చూస్తే ఏ బ్రాకెట్ ఎవరిదో రాసినవాళ్ళకే తెలియదు.

రెండు అలవాట్లూ భయంలోంచి పుట్టినవే. భయపడినందుకు సిగ్గుపడక్కర్లేదు, జాగ్రత్త ఉన్నవాళ్ళకే భయం ఉంటుంది. కాకపోతే ఇంటర్వ్యూలో "ఇక్కడ ఇఫ్ సరిపోతుంది కదా, ట్రై ఎందుకు పెట్టావు?" అని అడిగితే "ఎర్రర్ హ్యాండ్లింగ్ కోసం సార్" అనే జవాబు నిలబడదు. నిలబడే జవాబు ఒకటుంది. దాన్ని బట్టీ పట్టాల్సిన పని కూడా లేదు.

అనుమానం వచ్చిన ప్రతి లైను దగ్గరా ఆగి ఇలా అడగండి: ఇది తేడా కొడుతుందో లేదో నేను ముందే అడిగి తెలుసుకోగలనా? లేక చేస్తే గానీ తెలియదా?

వయసు రాయాల్సిన పెట్టెను యూజర్ ఖాళీగా వదిలేశాడా? అడిగితే తెలుస్తుంది. ఇఫ్ పెట్టండి. కార్టులో వస్తువులున్నాయా? అదీ ఇఫ్. సర్వర్ ఇప్పుడు పలుకుతుందా? అది అడగడానికైనా సర్వర్ దగ్గరికే వెళ్ళాలి. అంత దూరం వెళ్ళాక ఇక అడగడమేంటి, పనే చేసేయొచ్చు. అక్కడ ట్రై కావాలి. వచ్చిన టెక్స్ట్ సరైన జేసనేనా? మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివితే గానీ తెలియదు. అలా చదవడమే పార్స్ చేయడం. కాబట్టి అక్కడా ట్రై.

ఇంతేనా? సూత్రం వరకు ఇంతే. చిక్కంతా జావాస్క్రిప్ట్ స్వభావంలో ఉంది. దాని పద్ధతులు కొన్ని తెలియకపోతే ఈ ప్రశ్నకు మనం తప్పు జవాబు చెప్పుకుంటాం.

1. నోరు మెదపని చోట్లు ముందు తెలుసుకోండి

జావా నుంచో పైథాన్ నుంచో వచ్చినవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఇదే. పైథాన్‌లో అక్షరాలను సంఖ్యగా మార్చబోతే వెంటనే ఎక్సెప్షన్ వస్తుంది. సున్నాతో భాగించినా వస్తుంది. ఆ అలవాటుతోనే జావాస్క్రిప్ట్‌లోనూ సంఖ్య మార్చే లైను చుట్టూ ట్రై కట్టి నిశ్చింతగా ఉంటారు.

ఒక లోన్ ఫారం అనుకోండి. కావాల్సిన మొత్తం రాయమన్నారు. మనవాళ్ళు ఎలా రాస్తారు? 1,25,000 అని కామాలతో రాస్తారు. దాన్ని మీరు నంబర్ ఫంక్షన్‌కి ఇచ్చారు. ఏమవుతుంది? ఎక్సెప్షన్ రాదు. 'నాన్' అనే విలువ వస్తుంది, అంటే ఇది సంఖ్య కాదని చెప్పే విలువ. మీ క్యాచ్‌కి కబురే అందదు. ఆ నాన్ కూడికల్లో, గుణకారాల్లో తిరిగి చివరికి జేసన్‌గా మారి సర్వర్‌కి బయల్దేరుతుంది. జేసన్‌లో నాన్‌కి చోటు లేదు. అందుకని స్ట్రింగిఫై దాన్ని చడీచప్పుడు లేకుండా నల్ చేసేస్తుంది. డేటాబేస్‌లో లోన్ మొత్తం ఖాళీ! దారి పొడవునా ఒక్క ఎర్రర్ లేదు.

నంబర్ బదులు పార్స్‌ఇంట్ వాడి ఉంటే? ఇంకా ఘోరం. మొదటి కామా దగ్గర ఆగిపోయి 1 అని ఇస్తుంది. లక్షా పాతిక వేలు అడిగినవాడికి ఒక్క రూపాయి లోన్. ఈసారి వచ్చింది నిఖార్సైన సంఖ్య, నాన్ పరీక్షకి కూడా దొరకదు. అందుకే ముందు కామాలు తీసేయండి, తర్వాత నంబర్‌కి ఇవ్వండి, ఆపైన నంబర్ డాట్ ఈజ్‌ఫైనైట్‌తో ఒక ఇఫ్ పెట్టండి. పెట్టె ఖాళీగా ఉందా అన్నది మాత్రం వీటన్నిటికంటే ముందే చూడాలి. ఎందుకంటారా? ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్‌కి ఇస్తే నాన్ రాదు, సున్నా వస్తుంది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. పదిని సున్నాతో భాగిస్తే ఇన్ఫినిటీ వస్తుంది. ఐదు వస్తువులున్న అర్రేలో వందోది అడిగితే అన్‌డిఫైన్డ్ వస్తుంది. స్ట్రింగ్‌లో లేని ముక్కను ఇండెక్స్ఆఫ్‌తో వెతికితే మైనస్ ఒకటి వస్తుంది. ఫిబ్రవరి 30 అని విడివిడిగా సంవత్సరం, నెల, రోజు ఇచ్చి డేట్ తయారు చేస్తే మార్చి మొదటి రోజుల్లోకి దొర్లిపోతుంది. అర్థంలేని మాట ఇస్తే 'ఇన్వాలిడ్ డేట్' అనే ఆబ్జెక్ట్ పుడుతుంది. అది పుట్టినప్పుడు ఏ గొడవా ఉండదు. పది ఫైళ్ళ అవతల ఎవరో దాన్ని టుఐఎస్ఓస్ట్రింగ్ చేసినప్పుడు రేంజ్ ఎర్రర్ విసురుతుంది. తప్పు జరిగింది ఒకచోట, గొడవ ఇంకోచోట.

ఈ భాష ఎందుకింత మెతక? చరిత్రలో కొంత జవాబుంది. బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ కోసం దీని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశాడు. ట్రై, క్యాచ్, త్రో ప్రామాణిక భాషలోకి వచ్చింది 1999 డిసెంబరులో, ఆ ప్రమాణం మూడో ఎడిషన్‌తో. అంటే అంకెలు, తేదీలు, అర్రేలు, స్ట్రింగుల వంటి పునాది పనులన్నీ రూపు దిద్దుకున్న నాటికి ఎక్సెప్షన్‌ని పట్టుకునే దారే లేదు. అందుకే అవి తమ కష్టాన్ని తిరిగిచ్చే విలువలోనే చెబుతాయి. తర్వాత చేరినవాటిలో కొన్ని వేరే తరహా. 2020లో భాషలోకి వచ్చిన బిగ్‌ఇంట్‌ని సున్నాతో భాగించి చూడండి, రేంజ్ ఎర్రర్ విసిరేస్తుంది. పాతవి చెప్పవు, మనమే అడగాలి. కొత్తవాటిలో కొన్ని విసురుతాయి. ఈ ఒక్క గుర్తు చాలా సందేహాలు తీరుస్తుంది.

2. ఇఫ్ పెట్టారు సరే, అందులో ఏం అడిగారు?

ఒక స్కూలు మార్కుల పేజీ. "మార్కులు లేకపోతే ఆబ్సెంట్ అని చూపించు" అని రాయాలి. మీరు ఇఫ్‌లో మార్కులు అనే వేరియబుల్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టేశారు. లెక్కల్లో సున్నా వచ్చిన పిల్లవాడు పరీక్షకే రాలేదని తేలుతుంది. వాడికి సంతోషమేమో గానీ మీకు మాత్రం బగ్ టికెట్ వస్తుంది.

ఇఫ్ దృష్టిలో సున్నా, ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్, నాన్ అన్నీ అబద్ధం కిందికే వస్తాయి. మీరు అడగదలచింది "విలువ అసలు ఉందా?" అయితే అదే అడగండి. నల్‌తోనో అన్‌డిఫైన్డ్‌తోనో నేరుగా పోల్చండి. విలువ లేనప్పుడు బదులుగా ఇంకొకటి వాడాలంటే రెండు నిలువు గీతల బదులు రెండు ప్రశ్నార్థకాల గుర్తు వాడండి. అది నల్, అన్‌డిఫైన్డ్‌లను మాత్రమే పట్టించుకుంటుంది, సున్నా జోలికి పోదు.

ఇండెక్స్ఆఫ్‌ని నేరుగా ఇఫ్‌లో పెట్టేవాళ్ళూ ఉన్నారు. మొదటి స్థానంలో దొరికితే సున్నా వస్తుంది, అబద్ధం. అసలు దొరక్కపోతే మైనస్ ఒకటి, నిజం! సరిగ్గా తలకిందులు. ఇన్‌క్లూడ్స్ ఉండగా ఈ తిప్పలెందుకు? నాన్‌ని నాన్‌తో పోల్చినా సమానం కాదని వస్తుంది కాబట్టి దానికి నంబర్ డాట్ ఈజ్‌నాన్ వాడండి.

కుడివైపుకి జారిపోయే ఇఫ్‌ల సంగతి చూద్దాం. చాలామంది "అంతా బాగుంటే" అనే ప్రశ్నతో మొదలుపెడతారు, అందుకే లోపలికి లోపలికి వెళ్తారు. తిరగేసి అడగండి. యూజర్ లేడా? అక్కడికక్కడే రిటర్న్. కార్టు ఖాళీయా? రిటర్న్. పిన్‌కోడ్ ఆరు అంకెలు లేదా? రిటర్న్. ఈ మూడూ దాటాక మిగిలిన కోడ్ ఎడమ అంచునే, ఏ బ్రాకెట్టూ మోయకుండా నడుస్తుంది.

3. చేస్తే గానీ తెలియనిదాన్ని ముందుగా అడగకండి

ఇఫ్ బాగా అలవాటైనవాళ్ళు ఇక్కడ పొరబడతారు. నోడ్‌లో ఒక ఫైలు చదవాలి. "ముందు ఫైలు ఉందో లేదో చూసి, ఉంటే తెరుద్దాం" అనిపిస్తుంది. ఎంత పద్ధతిగా ఉంది! కానీ మీరు చూసిన క్షణానికీ తెరిచే క్షణానికీ మధ్య వేరే ప్రాసెస్ ఆ ఫైలును చెరిపేయొచ్చు. పేరు మార్చేయొచ్చు. అప్పుడు మీ ఇఫ్ చెప్పింది పాత వార్త. నోడ్ డాక్యుమెంటేషనే ఈ పద్ధతి వద్దంటుంది. నేరుగా తెరవమంటుంది, ఎర్రర్ వస్తే దాన్ని చూసుకోమంటుంది. వచ్చిన ఎర్రర్‌లో కోడ్ అనే ప్రాపర్టీ ఉంటుంది. ఫైలు లేకపోతే అందులో 'ఈఎన్ఓఈఎన్‌టీ' అని ఉంటుంది. క్యాచ్ లోపల దానికోసం ఒక ఇఫ్ పెట్టండి: ఫైలు లేకపోతే కొత్తది సృష్టించు, ఇంకేదైనా అయితే పైకి విసిరెయ్. చూశారా, ట్రై ఇఫ్‌కి శత్రువేం కాదు. క్యాచ్ లోపల ఇఫ్ ఉండటం మంచి కోడ్ లక్షణం.

జేసన్ పార్స్ విషయంలో అసలు అనుమానమే అక్కర్లేదు. రెజెక్స్‌తో "ఇది జేసన్‌లాగే ఉంది" అని తేల్చే ప్రయత్నాలు కొన్ని చూశాను. దయచేసి వద్దు. పార్స్ చేసి చూడండి, అంతే.

లోకల్ స్టోరేజ్ దగ్గర మాత్రం కొంచెం ఆగుదాం, ఎందుకంటే అది రెండు రకాలుగానూ ప్రవర్తిస్తుంది. లేని కీ అడిగితే మర్యాదగా నల్ ఇస్తుంది, కాబట్టి ఇఫ్ చాలు. రాయబోతే మాత్రం ఎక్సెప్షన్ రావొచ్చు. ఒక సైట్‌కి సుమారు 5 ఎంబీ చోటుంటుంది, నిండితే కోటా దాటిందని విసురుతుంది. బ్రౌజర్‌లో సైట్ డేటాను పూర్తిగా ఆపేసుకున్న యూజర్ అయితే లోకల్ స్టోరేజ్ పేరెత్తగానే సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది. ఇంకో తమాషా. యూజర్ ఆబ్జెక్ట్ ఇంకా రాకముందే దాన్ని స్ట్రింగిఫై చేసి దాచేశారనుకోండి. లోపల 'అన్‌డిఫైన్డ్' అనే మాట అక్షరాలా స్ట్రింగ్‌గా కూర్చుంటుంది. మర్నాడు దాన్ని పార్స్ చేయబోతే సింటాక్స్ ఎర్రర్. "కీ ఉంది కదా" అని మీ ఇఫ్ సంతోషంగా లోపలికి పంపేస్తుంది కూడా. అందుకే చదివేటప్పుడు కీ ఉందా అన్నదానికి ఇఫ్, పార్స్‌కి ట్రై.

ముందే అడిగే సౌకర్యం భాషో బ్రౌజరో కల్పిస్తే హాయిగా వాడుకోండి. వెబ్ అడ్రసు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఒకప్పుడు యూఆర్ఎల్ ఆబ్జెక్ట్ చేసి చూసి, విసిరితే పట్టుకోవడమే దారి. 2023లో బ్రౌజర్లలోకి యూఆర్ఎల్ డాట్ క్యాన్‌పార్స్ వచ్చింది. అవును, కాదు అని చెప్పేస్తుంది. నిన్న ట్రై అవసరమైన చోట ఇవాళ ఇఫ్ సరిపోతుంది.

4. ఫెచ్ దగ్గర రెండూ కావాలి

ఈ అధ్యాయంలో ఒక్క ముక్కే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. రోజూ రాసేది ఇదే, రోజూ తప్పేదీ ఇదే.

ఫెచ్‌ని ట్రైలో పెట్టారు. సర్వర్ 500 ఇచ్చింది. క్యాచ్‌లోకి వెళ్తుందా? వెళ్ళదు. 404 ఇస్తే? అప్పుడూ వెళ్ళదు. ఫెచ్ లెక్క వేరు: "నేను వెళ్ళాను, జవాబు తెచ్చాను, అది మంచి జవాబా చెడ్డ జవాబా నాకెందుకు?" నెట్ లేకపోవడం, సర్వర్ అందకపోవడం, వేరే సైట్ల రిక్వెస్టులపై బ్రౌజర్ పెట్టే కార్స్ ఆంక్షలు అడ్డుపడటం లాంటివి జరిగితేనే విసురుతుంది. కాబట్టి వరసగా ఇలా ఆలోచించండి.

అ) జవాబు వస్తుందా రాదా? చేస్తే గానీ తెలియదు. ట్రై.

ఆ) వచ్చిన జవాబు మంచిదేనా? ఇప్పుడది మీ చేతిలో ఉంది, అడిగితే తెలుస్తుంది. రెస్పాన్స్ డాట్ ఓకే చూడండి. స్టేటస్ 200 నుంచి 299 మధ్య ఉంటేనే అది నిజం అంటుంది. ఇది ఇఫ్.

ఇ) లోపలున్నది జేసనేనా? మళ్ళీ చేస్తే గానీ తెలియదు. ట్రై.

ఈ) జేసన్‌లో మీకు కావాల్సిన వివరం ఉందా? అడిగితే తెలుస్తుంది. ఇఫ్.

రెండో మెట్టు దాటేసినవాళ్ళకు ఎదురయ్యే ఎర్రర్ మీరూ చూసే ఉంటారు. 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అని, పక్కన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మొదలయ్యే గుర్తుతో వస్తుంది. దాన్ని చూసి జేసన్‌లో కామా ఎక్కడ తప్పిందా అని గంటలు వెతుకుతారు. అసలు జేసనే రాలేదు. సర్వర్ ఒక ఎర్రర్ పేజీనో లాగిన్ పేజీనో పంపింది, ఆ పేజీ మొదటి గుర్తు దగ్గరే పార్సర్ ఆగిపోయింది. ఒక్క ఇఫ్ ఉండి ఉంటే స్టేటస్ నంబరు కళ్ళముందు ఉండేది.

డబ్బు లావాదేవీ అయితే ఇంకో జాగ్రత్త. పేమెంట్ రిక్వెస్ట్ పంపారు, ఫెచ్ విసిరింది, మీరు క్యాచ్‌లో "చెల్లింపు జరగలేదు, మళ్ళీ ప్రయత్నించండి" అని చూపించారు. జరగలేదని మీకెవరు చెప్పారు? రిక్వెస్ట్ సర్వర్‌కి చేరి, డబ్బు కట్ అయి, తిరుగు జవాబు దారిలో ఉండగా యూజర్ బస్సు సిగ్నల్ లేని చోటికి వెళ్ళి ఉండొచ్చు. క్యాచ్‌లోకి రావడమంటే మీకు జవాబు అందలేదని మాత్రమే. అందుకే యూపీఐ యాప్‌లు 'పెండింగ్' అనే మూడో మాట వాడతాయి. మీరూ అదే చేయండి. సర్వర్‌ని ఆ లావాదేవీ ఏమైందో అడిగే ఏర్పాటు చేసి, తేలేదాకా బటన్ మళ్ళీ నొక్కనివ్వకండి.

5. ట్రైని కుదించండి

ఒక కోడ్ రివ్యూలో నడిచే మాటలు ఊహించుకోండి. జూనియర్ అబ్బాయి నలభై లైన్ల ఫంక్షన్ మొత్తాన్ని ట్రైలో పెట్టాడు.

"ఇందులో ఏ లైను విసురుతుందని ట్రై పెట్టావ్ నాన్నా?"

"ఏదైనా విసరొచ్చు కదక్కా."

"ఏదైనా అంటే? చూపించు."

"ఇదిగో, ఈ ఫెచ్."

"మరి మిగతా ముప్పై తొమ్మిది?"

అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఆ ముప్పై తొమ్మిదిలో ఒకచోట వేరియబుల్ పేరులో అక్షరం తప్పు పడింది. రెఫరెన్స్ ఎర్రర్ వచ్చింది. క్యాచ్ దాన్ని కూడా పట్టుకుని, యూజర్‌కి "మీ ఇంటర్నెట్ కనెక్షన్ చూసుకోండి" అని చెప్పింది. పాపం ఆ యూజర్ రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తూ కూర్చుంటాడు.

టైప్ ఎర్రర్, రెఫరెన్స్ ఎర్రర్ వస్తే దాదాపు ఎప్పుడూ తప్పు మన కోడ్‌లో ఉన్నట్టే. అవి బయటపడాలి. ఎర్రగా కనబడాలి. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: నెట్ తెగినప్పుడు ఫెచ్ విసిరేదీ టైప్ ఎర్రరే. రకం పేరు చూసి అది నెట్ తప్పో మన తప్పో తేల్చలేం. ట్రై లోపల ఫెచ్ ఒక్కటే ఉంటే అసలు తేల్చాల్సిన పనే ఉండదు.

6. క్యాచ్‌లో చేయడానికి మీ దగ్గర పని ఉందా?

ఖాళీ క్యాచ్ పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం లాంటిది. మనకు కనిపించడం లేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకుంటాం.

క్యాచ్ రాసే ముందు మిమ్మల్ని మీరే అడగండి: ఇక్కడ నేను చేయగలిగింది ఏమిటి? మళ్ళీ ప్రయత్నించగలనా? దాచిన పాత డేటా చూపించగలనా? యూజర్‌కి అర్థమయ్యే మాట ఒకటి చెప్పగలనా? ఈ మూడిట్లో ఏదీ కుదరకపోతే ఆ చోట క్యాచ్ అనవసరం. ఎర్రర్‌ని పైకి పోనివ్వండి. పైన పిలిచిన ఫంక్షన్‌కి ఏం చేయాలో బహుశా తెలుసు. కన్సోల్ లాగ్ రాయడం పని కిందికి రాదు, యూజర్ కన్సోల్ తెరిచి కూర్చోడు.

పట్టుకుని, లాగ్ చేసి, అదే ఎర్రర్‌ని మళ్ళీ విసిరి, దాన్ని పై ఫంక్షన్ పట్టుకుని, లాగ్ చేసి, మళ్ళీ విసరడం కూడా చూస్తుంటాం. ఒక తప్పుకి లాగ్‌లో నాలుగు ఎంట్రీలు. మధ్యలోవాళ్ళు ఊరుకుంటే చాలు.

ఫైనల్లీ గురించి రెండు మాటలు. తిరిగే చక్రాన్ని ఆపడం, డిజేబుల్ చేసిన బటన్‌ని తిరిగి ఇవ్వడం దాని పనులు. అందులో రిటర్న్ మాత్రం రాయకండి. ట్రై ఇచ్చిన జవాబునీ, పైకి పోతున్న ఎర్రర్‌నీ కూడా అది మింగేస్తుంది.

7. ట్రై చేతికి చిక్కనివి

ట్రైలో సెట్‌టైమౌట్ పెట్టారు. ఆ ఫంక్షన్ లోపల ఎర్రర్ వచ్చింది. క్యాచ్ పట్టుకుంటుందా? లేదు. రెండు సెకన్ల తర్వాత అది నడిచే సమయానికి మీ ట్రై పని ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. ట్రై ఉండాల్సింది ఆ ఫంక్షన్ లోపల.

అవెయిట్ మర్చిపోయినా ఇదే కథ. అసింక్ ఫంక్షన్‌ని అవెయిట్ లేకుండా పిలిస్తే మీ చేతికొచ్చేది ప్రామిస్. అది తర్వాతెప్పుడో విఫలమైతే వినేవాళ్ళు ఉండరు. బ్రౌజర్‌లో అయితే కన్సోల్‌లో ఒక ఎర్ర లైను. నోడ్‌లో 2020లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. సర్వర్ రాత్రి రెండింటికి ఎందుకు పడిపోయిందో ఇప్పుడర్థమైందా?

సీనియర్లు కూడా తడబడేది ఇంకొకటి: ట్రై లోపల రిటర్న్ పక్కన ప్రామిస్‌ని నేరుగా పెట్టేయడం. మామూలుగా రిటర్న్ దగ్గర అవెయిట్ అనవసరమని చదివి ఉంటారు. ట్రై లోపల మాత్రం అది అవసరం. లేకపోతే ప్రామిస్ గడప దాటి పోతుంది, విఫలమైతే ఈ క్యాచ్‌కి సంబంధం ఉండదు. ఫర్‌ఈచ్‌కి అసింక్ ఫంక్షన్ ఇచ్చినా అంతే, అది ఎవరికోసమూ ఆగదు. ఫర్ ఆఫ్ లూప్ రాసి అందులో అవెయిట్ పెట్టండి.

8. మీరే విసరాల్సి వస్తే

ఇప్పటిదాకా పట్టుకునే వైపు నుంచి చూశాం. మీ ఫంక్షన్‌ని రేపు ఇంకొకరు వాడతారు. వాళ్ళకు నల్ ఇవ్వాలా, ఎక్సెప్షన్ విసరాలా?

"లేదు" అనేది మామూలు జవాబే అయితే నల్ ఇవ్వండి. ఫోన్ నంబరుతో కస్టమర్‌ని వెతికితే దొరక్కపోవడంలో వింతేముంది? రోజుకి వందమంది కొత్తవాళ్ళు వస్తారు. అదే, ఆర్డర్ నంబరు ఇచ్చి "దీనికి బిల్లు తయారు చెయ్" అన్నప్పుడు ఆ ఆర్డరే లేకపోతే? ముందుకు వెళ్ళే దారి లేదు. అక్కడ నల్ ఇస్తే ఎవరో దాన్ని చూసుకోకుండా వాడి, మూడు ఫంక్షన్ల అవతల పడతారు. అక్కడ విసరండి.

విసిరేటప్పుడు ఉత్త స్ట్రింగ్ విసరకండి. భాష ఒప్పుకుంటుంది గానీ, ఏ లైనులో పుట్టిందో చెప్పే స్టాక్ దానికి ఉండదు. ఎర్రర్ ఆబ్జెక్టే విసరండి. సందేశంలో "ఏదో తప్పు జరిగింది" అని కాకుండా ఏ ఆర్డర్ నంబరు, ఏం చేయబోతుంటే అన్నది రాయండి. ఇంకో ఎర్రర్‌ని పట్టుకుని కొత్తది విసురుతుంటే 2022లో భాషలో చేరిన కాజ్ అనే ఆప్షన్‌లో పాతదాన్ని జతచేయండి. మూలం పోదు.

"ట్రై వాడితే కోడ్ నెమ్మదిస్తుంది" అని మీకెవరైనా చెప్పారా? ఒకప్పుడు నిజమే. క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ ట్రై ఉన్న ఫంక్షన్లను వేగవంతం చేయకుండా వదిలేసేది. 2017లో టర్బోఫ్యాన్ వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు ఖర్చు ఉన్నదల్లా ఎర్రర్ తయారయ్యేటప్పుడు స్టాక్ సేకరించడంలో. లక్ష వరుసల లూప్‌లో ప్రతి ఖాళీ పెట్టెకీ ఎర్రర్ విసిరి పట్టుకుంటుంటే అది తెలుస్తుంది. ఖాళీ పెట్టె అడిగితే తెలిసేదే కదా, ఇఫ్ ఉండగా విసరడం ఎందుకు?

ఈ వారం చేయాల్సిన పని

కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు, మీరు ఇదివరకు రాసిన పేజీ ఒకటి చాలు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో సోర్సెస్ ట్యాబ్ తెరవండి. బ్రేక్‌పాయింట్ల దగ్గర 'పాజ్ ఆన్ కాట్ ఎక్సెప్షన్స్' అని ఒక టిక్కు పెట్టె ఉంటుంది. దాన్ని ఆన్ చేసి మీ పేజీని మామూలుగా వాడండి. ఫారం నింపండి, కొన్ని ఖాళీలు వదలండి, కామాలతో డబ్బు రాయండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆఫ్‌లైన్ ఎంచుకుని సబ్మిట్ నొక్కండి.

మీ క్యాచ్‌లు ఇన్నాళ్ళూ గుట్టుగా మింగుతున్నవన్నీ ఒక్కొక్కటిగా పేజీని ఆపేస్తాయి. ఫెచ్ దగ్గరో జేసన్ పార్స్ దగ్గరో ఆగితే ప్లే నొక్కి ముందుకు పోండి, ఆ ట్రై తన చోటులోనే ఉంది. అన్‌డిఫైన్డ్‌లోంచి ప్రాపర్టీ చదవలేనంటూ టైప్ ఎర్రర్‌తో ఆగితే లైను నంబరు రాసుకోండి. అక్కడ లేనిది ఏ విలువో, అది ఎందుకు రాలేదో కనుక్కుని, ఒక ఇఫ్ రాసి, ఆ లైనును ట్రైలోంచి బయటికి తీసేయండి. మొదటి రోజు ఇలాంటివి చాలా దొరికితే కంగారుపడకండి. రోజుకి రెండు సరిచేసినా చాలు.